లమ్మడా తాబేలు కారు

రంగూన్ వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. నడిచేటప్పుడు నెత్తి జాగ్రత్త! పాత ఊళ్లో మేడలకి లిఫ్టులుండవు. అందుకని ప్రతి వరండాలోంచీ ఒక తాడు వీధిలోకి వేలాడుతుంటుంది, తాడు చివర కాగితాలు పట్టుకునే ఇనప క్లిప్పు. పేపరాయన పేపరు, కూరలావిడ తోటకూర కట్ట ఆ క్లిప్పుకి తగిలించి ఒక లాగు లాగితే పైన చిన్న గంట మోగుతుంది. ఇంటివాళ్లు బావిలోంచి నీళ్లు చేదినట్టు పైకి చేదేసుకుంటారు. నేను దిగిన అరగంటకే అలాంటి క్లిప్పు ఒకటి నా కొప్పు పట్టేసింది. పైనున్నావిడ తోటకూర వచ్చిందనుకుని లాగింది కూడా. నా కేకకి వీధంతా వరండాల్లోకి వచ్చింది. అలా అయింది నా రంగూన్ ప్రవేశం.

నా పేరు వరలక్ష్మి. విశాఖపట్నంలో డ్రైవింగ్ స్కూల్ నడుపుతాను. ఇరవై మూడేళ్లుగా ఎడమ సీట్లో కూర్చుని, కాలి కింద నా బ్రేకు నేను పెట్టుకుని, ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పాను. మిగతా సగం మందిని తిట్టాను. అలాంటి నన్ను మా మావయ్య కారు తోలడానికి రంగూన్ రమ్మన్నాడు. కారు తోలడానికే! ఇంతకంటే గొప్ప పిలుపు నాకు జన్మలో రాలేదు. టికెట్టు కొన్న రోజు నుంచి వంటింట్లో కూడా గేర్లు మారుస్తూనే ఉన్నాను.

గురువారం, మింగళాడోన్ నుంచి లమ్మడా

మా తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి ఇక్కడి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. మన తీరం వాళ్లే ఇక్కడ వర్తకాలు కూడా చేసేవారు. అలాంటి ఒక వర్తకుడి దగ్గర తాత తర్వాత డ్రైవరుగా కుదిరాడు. అరవైల్లో ఇక్కడి సర్కారు కొట్లూ వర్తకాలూ లాగేసుకుని, మనవాళ్లంతా మూటా ముల్లే కట్టుకుని వెళ్లిపోయిన రోజుల్లో ఆ వర్తకుడూ వెళ్లిపోతూ తన కారు తాళం తాత చేతిలో పెట్టాడట. పెట్టి, "నువ్వు తోలినంత కాలం నీదే" అన్నాడట. మా అమ్మని ఆ రోజుల్లోనే అత్తగారి ఊరికి ఓడెక్కించేశారు. తాతా, చిన్నవాడైన మావయ్యా, కారూ ఇక్కడ ఉండిపోయారు.

మావయ్య పేరు అప్పలస్వామి. డెబ్బై ఆరేళ్లు. ఇల్లు పాత ఊళ్లో లమ్మడా పేటలో, అయిదో అంతస్తు. విమానం మింగళాడోన్‌లో దిగాక, నన్ను తీసుకెళ్లడానికి ఆయన మనవరాలు టాక్సీలో వచ్చింది. ఇంట్లో పేరు రత్నం, బయట పేరు మ తీరి. చౌక్తడా పేటలో ఒక లాయరు ఆఫీసులో గుమస్తా. రెండు బుగ్గల మీదా గుండ్రంగా తనకా చెక్క గంధం పూసుకుని, నా ఫోటో పట్టుకుని నిలబడింది.

"వచ్చావా అత్తా? నా తెలుగు కొంచెం కొంచెం. నువ్వు మాట్లాడు, నాకు అన్నీ తెలుస్తాయి" అంది. ఆ మాటకి నాకు పట్టపగ్గాల్లేకుండా పోయింది. ఇల్లు వచ్చేవరకూ ఆగకుండా మాట్లాడాను. మధ్యమధ్య మాత్రం "అమ్మో" అంటూ వచ్చాను. ఎందుకంటే అక్కడ అందరూ రోడ్డుకి కుడిపక్కన వెళ్తారు గానీ, కార్లకి స్టీరింగు కూడా కుడిపక్కనే ఉంటుంది. ఒకప్పుడు మనలాగే ఎడమన నడిచేవారు, ఓ రోజు నుంచి అందరూ కుడికి మారాలన్నారు, కార్లు మాత్రం మారలేదు. దాంతో డ్రైవరు ఫుట్‌పాత్ పక్కన, నేను రోడ్డు నడిమధ్యన! ఎదురుగా వచ్చే బస్సులన్నీ నా ఒళ్లోకే వస్తున్నట్టున్నాయి. నా కాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

అయిదంతస్తులూ ఎక్కాక మావయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లుంగీ, తెల్ల చొక్కా, కంటికి లావు అద్దాలు. నా మొహం దగ్గరకి మొహం పెట్టి చూశాడు.

"ఒలే వరాలూ! అచ్చం మీ అమ్మే! మాటా అదే, పొట్టీ అదే!" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఆయాసం కూడా వచ్చింది. ఫోన్లో తప్ప ఎప్పుడూ చూడని మనిషి. అయినా గొంతు వినగానే మా అమ్మ పక్కనే ఉన్నట్టు అనిపించింది.

మా వదిన, అంటే రత్నం వాళ్లమ్మ, బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. పొద్దున ఆరింటికే ఫ్యాక్టరీ బస్సు ఎక్కేస్తుంది. వెళ్లేముందు నాకోసం మొహింగా వండి పెట్టింది. చేపల పులుసులో సన్నటి సేమ్యా వేసి, పైన అరటి దవ్వ ముక్కలూ, వేపిన శనగపప్పు చెక్కలూ. మన కంచరపాలెం బర్మా క్యాంపులో ఎంతో మంది చేస్తారు గానీ, దీని ముందు అది పరీక్ష రాసిన పిల్ల, ఇది పరీక్ష పెట్టిన టీచరు. మూడు గిన్నెలు తిన్నాను.

అప్పుడు మావయ్య అసలు సంగతి చెప్పాడు. డాక్టరు ఎనిమిది నెలల కింద స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. కళ్లు మసక. ఇంట్లో తోలేవాళ్లు ఇంకెవరూ లేరు.

"మా అయ్యకి సావుకారు ఏటన్నాడు? తోలినంత కాలం నీదే అన్నాడు. మరి తోలకపోతే మనది కాదు గదేటి? పరాయి సొత్తు ఇంట్లో ఎట్టుకుంటే ఎలాగమ్మా?"

ఆదివారం పొద్దున ఈ ఊళ్లో ఉన్న ఆ రకం పాత కార్లన్నీ చెరువుగట్టు దగ్గర టీ కొట్టుకి చేరతాయట. అక్కడికి ఒక హోటలాయన వస్తాడు. తన హోటలు హాల్లో అద్దాల గదిలో ఈ కారు పెట్టుకుంటానని ఏడాదిగా అడుగుతున్నాడు. మావయ్య మాటిచ్చేశాడు. ఆదివారం మన ఇంటి మనిషి ఎవరైనా తోలి తీసుకొస్తే కారు మనది. లేకపోతే తాళం హోటలాయనది.

"అందుకే నిన్ను రమ్మన్నాను. నువ్వు నా అక్క కూతురివి. ఇంటి మనిషివి."

"మావయ్యా, నువ్వు నిశ్చింతగా పడుకో. ఇరవై మూడేళ్ల సర్వీసు!" అన్నాను. నా గుండె మీద నేనే చరుచుకున్నాను.

శుక్రవారం, వీధిలో

కారు మేడ కింద రేకుల షెడ్డులో ఉంటుంది. తాళం మాత్రం పైన, దేవుడి పటం పక్కన మేకుకి ఉంటుంది. ఆ ఇంటి పద్ధతి ఇది. తాడు ఒకసారి లాగితే పేపరు, రెండుసార్లు లాగితే చుట్టాలు, మూడుసార్లు లాగితే కారు తాళం. తోలేవాళ్లు కింద నిలబడి మూడుసార్లు లాగాలి, తాళం క్లిప్పుకి కట్టి దింపుతారు. తాత కాలం నుంచీ ఇంతే. ఎనిమిది నెలలుగా ఆ మూడో గంట మోగలేదు.

ముందు కారు చూడ్డానికి దిగాం. మెకానిక్ ఊ టున్ అప్పటికే గోనె తీస్తున్నాడు. నోటినిండా తమలపాకు, మాట్లాడాలంటే ముందు తల ఎత్తాలి పాపం. గోనె తీసేసరికి నేను గట్టిగా అరిచాను. ఎంత ముద్దుగా ఉందో! లేత నీలం రంగు, గుండ్రటి వీపు, గుండ్రటి కళ్లు. తాబేలు కారంటే తాబేలు కారే. ఏ కంపెనీదో పేరు చెప్పను, చెబితే నాకేదో ముట్టిందనుకుంటారు. జర్మనీ కంపెనీ. ఫోటో చూస్తే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

బానెట్ తీస్తే స్టెప్నీ, పెట్రోలు ట్యాంకు. ఇంజిను వెనకాల డిక్కీలో. నీళ్లు పొయ్యక్కర్లేదు, గాలికే చల్లబడుతుంది. పెట్రోలు ఎంత ఉందో చూపించే ముల్లు లేదు. ట్యాంకు అయిపోవస్తే బండి ఎక్కిళ్లు పెడుతుంది, అప్పుడు కాళ్ల దగ్గరున్న చిన్న మీటని బొటనవేలితో తిప్పాలి. దాచిన పెట్రోలు కొంచెం వస్తుంది. పక్కకి తిరగాలంటే లైటు వెలగదు, తలుపు పక్క స్తంభంలోంచి చిన్న నారింజరంగు చెయ్యి బయటికి లేస్తుంది. ఎడమ చెయ్యి మొండిది, లేవదు. స్తంభం మీద ఒక్కటి చరిస్తే లేస్తుంది. మా స్కూలు మారుతీలు నా కళ్లకి ఆ క్షణం నుంచి బొత్తిగా పనికిమాలినవైపోయాయి.

మావయ్యకి మాత్రం అన్నిటికంటే వెనక అద్దం గొప్ప. అది ఒకటి కాదు, రెండు. మధ్యలో ఇనప పట్టీ, అటొకటి ఇటొకటి చిన్న అద్దాలు.

"మొదట్లో ఇలాగే సేసీవోరు. తరవాత గుడ్డు లాంటి అద్దం ఒకటే ఎట్టీసారు. ఆ తరవాత పెద్దది. ఊళ్లో రెండద్దాల తాబేలు ఇదొక్కటే" అని తువ్వాలుతో తుడిచాడు.

సరే, తోలదాం అని కింద నిలబడి నేను ఘనంగా మూడుసార్లు తాడు లాగాను. పైన గంట మోగింది. మావయ్య మొహం ఆ గంటకి ఎలా వెలిగిపోయిందో చెప్పలేను. రత్నం పై నుంచి తాళం దింపుతోంది. ఈలోపు ఊ టున్ మర్యాదగా చెయ్యి చాపి, లైసెన్సు చూపించమని సైగ చేశాడు. దారిలో తనిఖీలున్నాయి, కాగితాలు సరిగ్గా ఉండాలి.

సంచీ తెరిచాను. పాస్‌పోర్టు ఉంది. ఆవకాయ సీసా ఉంది. జండూబామ్ ఉంది. విదేశాల్లో తోలడానికి తీసుకున్న పర్మిటు కవరు లేదు. సంచీ రోడ్డు మీద బోర్లించాను. లేదు.

తర్వాత గుర్తొచ్చింది. పర్మిటు చేతికి రాగానే, మన అలవాటు ప్రకారం, పాడైపోతుందేమోనని లామినేషన్ షాపులో ఇచ్చాను. లైసెన్సు కూడా దాంతోపాటే ఇచ్చాను. రెండూ అక్కడే ఉన్నాయి. ఫోన్ చేస్తే షాపాయన చాలా సంతోషంగా ఫోటో పంపాడు. "మేడమ్, ఒక్క బుడగ కూడా రాలేదు చూడండి!" నిజమే, అద్దంలా మెరుస్తోంది. విశాఖపట్నంలో. కాగితాలు మర్చిపోయి వచ్చిన పిల్లల్ని ఇరవై మూడేళ్లుగా గేటు బయట నిలబెట్టిన మనిషిని నేను!

నవ్వు ఆగలేదు నాకు. సిగ్గుతో వచ్చే నవ్వు. పైన వరండాలోంచి రత్నం కూడా నవ్వింది. తల తిప్పి చూస్తే మావయ్య నవ్వట్లేదు. తాడుకి వేలాడుతున్న తాళం విప్పి, జేబులో వేసుకున్నాడు.

"పోన్లేమ్మా. ఆదివారం ఊ టున్ తోల్తాడు. హోటలాయనకి ఇచ్చీద్దాం" అని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఆయన్ని వెనకనుంచి చూస్తే నా నవ్వు ఎండిపోయింది. వెయ్యి మైళ్లు వచ్చి ఈ మనిషికి ఉన్న ఒక్క ఆశా నా చేత్తో తుంచేశాను కదా అనిపించింది.

అదే రోజు, టీ కొట్టు

రత్నాన్ని టీ కొట్టుకి లాక్కెళ్లాను. ఇక్కడి టీ కొట్లలో పొట్టి బల్లలు, అంతకంటే పొట్టి స్టూళ్లు. కూర్చుంటే మోకాళ్లు చెవుల దగ్గరికొస్తాయి. అడక్కపోయినా సమోసాలూ, పొడుగు బజ్జీలూ బల్ల మీద పెట్టేస్తారు, తిన్నవాటికే డబ్బులు. ఉత్త టీ నీళ్లు ఎన్ని తాగినా ఊరికే. పాల టీ మాత్రం ఇక్కడి డబ్బుల్లో రెండు వేల చాట్లు. ఆ సున్నాలు చూసి మొదట పర్సు మూసేశాను, లెక్క కడితే మన బీచ్‌రోడ్డు టీ ధరే.

టీ ఇచ్చేవాణ్ణి పిలవడానికి పక్క బల్లమీది పెద్దాయన, తెల్ల జుట్టాయన, పెదాలు ముందుకి పెట్టి ముద్దు చప్పుడు చేశాడు! నేను ఉలిక్కిపడి కొంగు సర్దుకున్నాను. రత్నం పొట్ట పట్టుకుని నవ్వింది. ఇక్కడ అలాగే పిలుస్తారట. జగదాంబ సెంటర్లో అలా పిలిస్తే చెంప పగులుతుంది. రెండో టీకి నేనే ముద్దుపెట్టి పిలిచాను. ఎవడూ పలకలేదు. మూడోసారి ముగ్గురు వచ్చారు.

"నీకు లైసెన్సు ఉందా?" అని రత్నాన్ని అడిగాను.

ఉందిట! ఆఫీసు స్నేహితురాలి కారుతో తీసుకుంది. గేర్లు లేని చిన్న జపాన్ కారు.

"మరి మాట్లాడవేం పిల్లా?"

"తాత ఒకసారి నేర్పాడు అత్తా. క్లచ్, క్లచ్ అని అరిచాడు. నేను ఏడ్చాను. 'గుంటకి క్లచ్చి తెలీదు' అని అందరికీ చెప్పాడు. నేను మళ్లీ ముట్టుకోలేదు."

"ఇప్పుడు కారు పోతే పోనీ అంటావా?"

రత్నం సమోసా తుంపి తుంపి పొడి చేసింది. "చిన్నప్పుడు జ్వరం వస్తే అందులోనే ఆస్పత్రికి. బడి మొదటి రోజు అందులోనే. వెనక సీట్లో ఆ రెండు అద్దాల్లోంచి చూస్తే రెండు వీధులు కనిపించేవి. హోటల్లో పెడితే చూడ్డానికి నేను కాఫీ కొనాలా అత్తా?" అంది. కళ్లు నిండిపోయాయి.

నాకు ఒక్కసారిగా ఒళ్లంతా ప్రాణం వచ్చింది. తోలడానికి కాగితం కావాలి గానీ, నేర్పడానికి ఏ కాగితం కావాలి? ఆదివారానికి ఉన్నది రెండు రోజులే! మా స్కూల్లో ఇరవై రోజుల కోర్సు.

"లే! నాకు శిష్యురాలు దొరికింది" అని లేవబోయాను. పొట్టి స్టూలు కదా, వెనక్కి పడ్డాను.

శనివారం, ఫ్యాక్టరీల వైపు ఖాళీ జాగా

మావయ్యకి చెప్పలేదు. కారు సర్వీసు చెయ్యాలని ఆయనకి అబద్ధం చెప్పమని ఊ టున్‌ని అడిగాం. ఊ టున్ పళ్లన్నీ ఎర్రగా చూపించి నవ్వి ఒప్పుకున్నాడు. పెట్రోలు కోసం రెండు గంటలు వరసలో నిలబడితే, బండికి ఇంతేనని కొంచెమే పోశారు. వరసలో ముందున్న టాక్సీ డ్రైవరు కారు చూసి మురిసిపోయి మాకు పుచ్చకాయ ముక్కలు పెట్టాడు. మింగళాడోన్ వైపు మూతపడిన గోడౌన్ ముందు పెద్ద ఖాళీ జాగా ఉంది. అక్కడిదాకా ఊ టున్ తోలాడు.

మొదటి గంటలో కారు నలభైసార్లు ఆగిపోయింది. కప్పలా గెంతి ఆగడం. దీనికి మొదటి గేరు బండి పూర్తిగా ఆగితే గానీ పడదు. "క్లచ్" అన్న మాట నోట్లోంచి వస్తే ఈ పిల్ల బిగుసుకుపోతోందని కనిపెట్టి, ఆ మాటే మానేశాను. "ఎడంకాలు నిద్రపుచ్చు, నెమ్మదిగా నిద్రలేపు" అన్నాను. అలా చెప్పిన అయిదో సారికి తాబేలు కుదుపు లేకుండా కదిలింది. రత్నం కేక! నేను కేక! ఊ టున్ పరుగెత్తుకొచ్చాడు, ఎవరికో దెబ్బ తగిలిందనుకుని.

ఊ టున్ కూడా నాకో పాఠం చెప్పాడు. ఇక్కడ డ్రైవరు ఫుట్‌పాత్ పక్కన ఉంటాడు కాబట్టి, ముందున్న బండిని దాటాలంటే ఎదురేం వస్తోందో డ్రైవరుకి కనపడదు. ఎడమ సీట్లో కూర్చున్నవాళ్లు తొంగి చూసి చెప్పాలి. "లా" అంటే రా, "మ యా బూ" అంటే కుదరదు. తోలేది ఒకరు, చూసేది ఒకరు. అంటే నా పాత సీటే నాకు, కానీ పని వేరు. బ్రేకు లేదు, చూపు మాత్రం ఉంది.

"యాబాదే" అంది రత్నం. పరవాలేదు అని. "నువ్వు చెప్పు, నేను చేస్తా. నువ్వు చెప్పినట్టే చేస్తా."

ఆ మాట మీకు ఎందుకు చెప్పానంటే, తర్వాత దానితోనే చచ్చేపనైంది.

సాయంత్రం ఇంటికొచ్చి మావయ్యకి చెప్పాం.

"దీనికి క్లచ్చి తెలీదే" అన్నాడు.

"రేపు నీ కళ్లతో చూద్దువు గాని" అన్నాను.

"నా కళ్లకి కనపడదు గదేటి. ఒంటికి తెలుస్తాది. ఎనక సీట్లో కూకుంటే క్లచ్చి నా నడుముకి తెలుస్తాది. నచ్చకపోతే దారిలోనే ఊ టున్‌కి ఇచ్చీస్తాను" అన్నాడు. మనిషి భయపడుతున్నాడు, అది దాచడానికి కసురుతున్నాడు. మా అమ్మ కూడా అచ్చం ఇంతే.

ఆదివారం, చెరువుగట్టు

పొద్దున ఏడింటికి రత్నం తాడు పట్టుకుంది. కంగారులో ఒక్కసారే లాగింది, ఒకటే గంట మోగింది. పైన మావయ్య పేపరు వచ్చిందనుకుని తాడు చేదబోయాడు. మళ్లీ లాగింది, ఈసారి మూడు. తాళం దిగింది. వెనకాలే మావయ్య, ఇస్త్రీ చొక్కా, మడిచిన తువ్వాలు. వెనక సీట్లో రెండద్దాల కింద కూర్చుని నడుము నిటారుగా పెట్టాడు. ఊ టున్ తన స్కూటరు మీద వెనకాల.

నేను ఎడమన, రోడ్డు నడిమధ్యన. "లా, లా" అంటూ తొంగి చూస్తూ, మొండి చెయ్యి లేవాల్సినప్పుడల్లా స్తంభం చరుస్తూ! లమ్మడా దాటాం. చౌక్తడాలో పాత తెల్లదొరల కట్టడాల మధ్యనుంచి వెళ్తుంటే జనం ఆగి చెయ్యి ఊపారు. నేను రాణీగారిలా ఊపాను. వెనకనుంచి మావయ్య ఏమీ అనలేదు. నడుముకి ఇంకా ఫిర్యాదు రాలేదన్నమాట.

పెద్ద రోడ్డు మీంచి ఎడమకి తిరగాల్సిన చోట వచ్చింది అసలు గండం. స్తంభం చరిచాను, చెయ్యి లేచింది. రత్నం తిప్పింది. వీధిలోకి తిరిగాక ఆ పిల్ల కారుని కుడివైపుకి పట్టుకుంది. ఎదురుగా బస్సు వస్తోంది. ఇరవై మూడేళ్లుగా రోజుకి వందసార్లు అరిచిన అరుపు నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఎడమ! ఎడమ పట్టు! ఎడమకి పో!"

నేను చెప్పినట్టే చేస్తానన్న పిల్ల. మొదటిసారి నా మాటకి స్టీరింగు కొంచెం ఎడమకి ఊగింది కూడా. బస్సు హారను నా చెవిలో మోగింది. నా కాలు లేని బ్రేకుని నేల చిల్లుపడేలా తొక్కింది.

"ఎడమ!" అని మళ్లీ అరిచాను, బుద్ధి లేకుండా.

"కాదు!" అని రత్నం నాకంటే గట్టిగా అరిచింది. "కుడి! ఇది మా ఊరు! నువ్వు ఊరుకో అత్తా!" అని కారుని కుడికి లాగి పట్టుకుంది. బస్సు మా పక్కనుంచి, నా మోచేతికి బెత్తెడు దూరంలో, హాయిగా వెళ్లిపోయింది.

ఈలోపు తాబేలు ఎక్కిళ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు. నేను ఏదో చెప్పబోయి నోరు గట్టిగా మూసుకున్నాను. రత్నం రోడ్డు మీంచి చూపు తియ్యకుండా, చెప్పు విదిలించి, బొటనవేలితో కింద మీట తిప్పింది. ఎక్కిళ్లు ఆగిపోయాయి.

అప్పుడు వెనకనుంచి మావయ్య నవ్వు. మొదట చిన్నగా, తర్వాత దగ్గొచ్చేలా.

"మా అయ్య కూడా అంతే. రోడ్డు కుడికి మార్చీసిన రోజుల్లో పక్కన కూకుని నేను ఎడమ ఎడమ అని అరిస్తే, 'నోర్ముయ్యిరా, తోలీది నేను' అనీవోడు" అన్నాడు. కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు.

చెరువుగట్టు దగ్గర పదకొండు తాబేళ్లు. ఎర్రటిది, పచ్చటిది, అన్నంరంగుది. ఇక్కడ వాటిని రంగుని బట్టి కాదు, వయసుని బట్టి వరసలో నిలబెడతారు. అందరికంటే ముందు మాదే! మావయ్య ఒక్కో కారు మీదా చెయ్యి వేస్తూ నన్ను నడిపించాడు. ఆ కంపెనీ చరిత్రంతా ఆయనకి ఇంటి చరిత్రతో కలిపే వచ్చు.

"యుద్దంలో జర్మనీలో ఆళ్ల ఫ్యాక్టరీ మీద బాంబులు, ఇక్కడ మన రేవు మీద బాంబులు. మా అయ్య అడవులంట నడిచి మన ఊరెల్లిపోయి, మళ్లీ ఓడెక్కి వొచ్చినాడు. అక్కడేమో పాడుపడ్డ ఫ్యాక్టరీని ఎవరో ఇంగ్లీసు మిలట్రీ ఆఫీసరు మళ్లీ నడిపించినాడట. రెండద్దాలు అప్పుడివి. ఇదిగో, గుడ్డు అద్దం. ఇది వొచ్చిన రోజుల్లోనే పది లచ్చలో కారు తయారైందని దానికి బంగారం రంగేసినారట. అప్పుడే నేను పలక పట్టినాను. ఇది పెద్ద అద్దం. అప్పుడే మీ అమ్మ ఓడెక్కినాది" అని ఆ కారు దగ్గర కాసేపు ఆగాడు. "ఇదిగో, ఇది బ్యాటరీ పెద్దది చేసిన కాలం. ఆ తరవాత లోకంలో ఏ కారూ ఇన్ని తయారవ్వలేదని పండగ చేసుకున్నారు, నాకు పెళ్లయినాది. మరి అలా గొప్పగా ఉన్నోళ్లే నీళ్ల ఇంజిను ముందెట్టుకుని తాబేలుని వొదిలీసినారు. ఆకరిది జర్మనీలో కూడా కాదు, మెక్సికోలో తయారైనాది. రత్నం బడికెల్లిన యేడు."

హోటలాయన వచ్చాడు. మంచి మనిషి, తెల్ల చొక్కా, సిల్కు లుంగీ. కారు చుట్టూ తిరిగి, అద్దాల మీద చెయ్యి రాసి, మావయ్యకి నమస్కారం పెట్టాడు. ఎవరు తోలారని బర్మా భాషలో అడిగాడు. మావయ్య చెయ్యి అలవాటుగా జేబు దగ్గరకి పోయింది. జేబులో తాళం లేదు.

తాళం రత్నం పిడికిట్లో ఉంది. ఆ పిల్ల ముందుకొచ్చింది. మొదట బర్మా భాషలో ఆయనకేదో చెప్పింది, తర్వాత తాత వైపు తిరిగి తెలుగులో అంది.

"నేను తోలాను తాతా. రేపూ తోలతా. ఇది నా దగ్గరే ఉంటది."

హోటలాయన నవ్వి, ఒక్క ఫోటో తీసుకోనిమ్మన్నాడు. రత్నం స్టీరింగు దగ్గర, మావయ్య వెనక, ఆయన తలుపు పట్టుకుని. నేను ఫోటోలో లేను. మోకాళ్లు చెవులకి తగిలే స్టూలు మీద కూర్చుని, ముద్దుపెట్టి టీ పిలుస్తున్నాను. ఈసారి ఒకేసారికి వచ్చింది.

సోమవారం, మళ్లీ మింగళాడోన్‌కి

టాక్సీ వద్దంది రత్నం. ఆఫీసుకి సెలవు పెట్టి నన్ను తనే దింపుతానంది. సంచీలో ఆవకాయ సీసా బదులు ఎండురొయ్యలు, పులిసిన టీ ఆకుల పొట్లం, వదిన కుట్టిన లుంగీ. మెట్ల దగ్గరే మావయ్యకి దండం పెట్టేశాను. నిన్న అయిదంతస్తులూ దిగి ఎక్కినందుకు నడుం పట్టేసింది, ఇవాళ దిగలేడు. మళ్లీ ఎప్పుడో తెలీదు.

కింద రత్నం తాడు పట్టుకుని మూడుసార్లు లాగింది. ఈసారి లెక్క తప్పలేదు. పైన గంట మోగింది. కాసేపు ఏమీ రాలేదు. తలెత్తి చూస్తే మావయ్య వరండా కమ్మీల మీద వంగి ఉన్నాడు, కనపడని కళ్లతో సరిగ్గా మా వైపే చూస్తూ. తర్వాత తాళం మెల్లిగా, అంతస్తు తర్వాత అంతస్తు, దిగుతూ వచ్చింది.

"ఒలే రత్నం!" అని అరిచాడు పైనుంచి. "నువ్వు తోలినంత కాలం నీదే!"

ఆ వీధిలో ఆ మాట అర్థమైంది మా ఇద్దరికే. రత్నం క్లిప్పులోంచి తాళం తీసుకుని, జవాబుగా తాడు ఒక్కసారి గట్టిగా లాగి వదిలింది. స్టీరింగు ముందు కూర్చుని, అద్దం సరిచేసుకుని, ఎడంకాలు నెమ్మదిగా నిద్రలేపింది.

మింగళాడోన్ దాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. లేని బ్రేకు మాత్రం దారంతా తొక్కాను.